తలుపు తెరిచినది గూడెమే
తెలుగు సంఘ చరిత్రలో కులము – ఒక పరిశీలన



శతవార్షిక పండుగ అనగానే మనము పాత ఫోటోలు వెదకుదుము. పునాదిరాతిమీద ఎవరి పేరున్నది, మొదటి దొరగారు ఏ సంవత్సరమున వచ్చిరి, మొదటి బడి ఎక్కడ కట్టిరి అని లెక్కలు వ్రాసికొందుము. అవి వ్రాయదగినవే. మన అధ్యక్ష ఖండమును ఏలిన బిషప్పులను గూర్చియు, మన పాఠశాలలు, వైద్యశాలలను గూర్చియు ఈ సంచికలో పెద్దలు వ్రాయుచున్నారు గనుక వాటిని నేను మరల చెప్పను. వేదాంత కళాశాలలో చదువుకొన్న దినములనుండి నా మనస్సులో నిలిచియున్న ఒక ప్రశ్నను మాత్రము మీ ముందుంచుదును. తెలుగు దేశములో సువార్తకు తలుపు తెరిచినది ఎవరు?

మా నాయనమ్మకు అక్షరము రాదు. నా చిన్నతనములో ఆమె వాకిట మంచముమీద కూర్చుండి, "దొరలు మన్ని వెతుక్కుంటా రాలేదురా. మనోళ్ళే ఎల్లి ఆళ్ళని పిల్చుకొచ్చారు" అని చెప్పెడిది. ముసలివారి గొప్పలలో అదియొకటి అనుకొంటిని. తరువాత కళాశాల గ్రంథాలయములో మిషను చరిత్రలు చదివినప్పుడు, ఆమె చెప్పినదే నిజమని తెలిసికొని సిగ్గుపడితిని. ఆ నిజమును, దానివలన మనమీద పడిన బాధ్యతను ఈ వ్యాసములో చెప్ప ప్రయత్నించెదను.

ఊరు – గూడెము

నూట డెబ్బది ఏండ్ల క్రిందటి తెలుగు గ్రామమును ఒకసారి తలంచుకొనుడి. నడుమ గుడి, చెరువు, పెద్ద కులములవారి ఇండ్లు. కరణము చేతిలో లెక్కలు, మునసబు చేతిలో అధికారము. ఊరికి వెలుపల ఒక ప్రక్క మాలపల్లె, మరియొక ప్రక్క మాదిగగూడెము. మాలవారికి నేత, పొలముపని, వెట్టి. మాదిగవారు చచ్చిన పశువును లాగుకొని పోవలెను, తోలు పదును చేయవలెను, చెప్పులు కుట్టవలెను, జాతర వచ్చినప్పుడు డప్పు కొట్టవలెను. పంట కాలమున కళ్ళములో రైతు కొలిచి పోసిన గింజలే సంవత్సరపు కూలి. అవి చాలునా చాలవా అని అడుగు హక్కు ఎవరికిని లేదు.

ఒక్క సంగతి గమనించుడి. పొలము తడుపుటకు బావినుండి నీరు తోడు తోలు బొక్కెనను కుట్టినది మాదిగవాడు. ఆ బొక్కెన ప్రతిదినము బావిలో మునుగును. దానిని కుట్టిన చేయి మాత్రము ఊరి మంచినీళ్ళ బావిని తాకరాదు. వాని చేతిపని శుద్ధమైనది, వాడు మాత్రము అశుద్ధుడు. కులమునకు న్యాయము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

కులము పైనున్నవారు క్రిందివారిని త్రొక్కుట మాత్రమే కాదు. అది మెట్లవరుస. ప్రతి మెట్టుమీదివానికి తన క్రింద ఇంకొకడు ఉండును. ఆ తృప్తితోనే తనపైనున్న భారమును వాడు ఓర్చుకొనును. డాక్టర్ అంబేద్కరు గారు దీనినే శ్రేణీకృతమైన అసమానత అని వర్ణించిరి. ఊరు తోసివేసిన మాలవారును మాదిగవారును కూడ ఒక పంక్తిలో భోజనము చేయలేదు, ఒక బావి నీరు త్రాగలేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. దీని ఫలము మన సంఘములో ఎట్లు కనబడెనో తరువాత చెప్పుదును.

పైనుండి తెరువదలచిన తలుపు

1841వ సంవత్సరమున చర్చి మిషనరీ సొసైటీ వారు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు యౌవన సేవకులను మచిలీపట్నమునకు పంపిరి. ఫాక్సుగారు ఊరూర తిరిగి ప్రకటించిరి గాని ఆరోగ్యము చెడి 1848లో మరణించిరి. నోబుల్ గారు 1843లో ఒక పాఠశాలను స్థాపించిరి. అదియే నేటి నోబుల్ కళాశాలకు మూలము. అగ్రకులములవారు ముందు క్రీస్తును అంగీకరించినయెడల మిగిలిన జనమంతయు వారి వెంట వచ్చునని ఆయన నమ్మిక. పైన పోసిన నీరు తానే క్రిందికి దిగునని ఆ కాలపు పెద్దలు పెక్కుమంది తలంచిరి. అందుచేత బ్రాహ్మణ విద్యార్థులు వచ్చుటకు అడ్డము లేకుండ, అంటరానివారని ఎంచబడిన కులముల పిల్లలను ఆయన తన బడిలో చేర్చుకొనలేదు.

ఫలితమేమి? తొమ్మిది సంవత్సరములు కష్టపడగా 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఆ వార్త తెలియగానే పట్టణము అట్టుడికినట్లాయెను, తలిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ ఆయెను. అయినను నోబుల్ గారు అధైర్యపడక బడిని నడిపి, 1865లో ఆ పట్టణమందే కన్ను మూసిరి. ఆయన భక్తిని, త్యాగమును నేను తక్కువ చేయను. ఆయన శిష్యులలో కొందరు మన సంఘమునకు మొదటి గురువులైరి. అయితే పైనుండి దిగునని ఎదురుచూచిన నీరు దిగలేదు. నీరు మరియొక చోట, ఎవరును త్రవ్వని చోట ఊరెను.

వెంకయ్య, పేరయ్య

కృష్ణా జిల్లా రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య మాల కులస్థుడు, తనవారిలో నాయకుడు. విగ్రహములయందు నమ్మిక పోయి, తనకు పేరైనను తెలియని దేవుని, నీవెవరవో నాకు కనబరచుకొమ్మని వేడుకొనెడివాడని మిషను చరిత్రలు చెప్పుచున్నవి. బెజవాడలో డార్లింగు దొరగారు కొన్ని సంవత్సరములుగా ప్రకటించుచుండిరి గాని చెప్పుకోదగిన ఫలము కనబడలేదు. 1859లో వెంకయ్య తానే వెదకుకొనుచు ఆయనయొద్దకు వచ్చెను. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొంది, తన బంధువులను, ఇరుగు పొరుగు పల్లెలవారిని రప్పించెను. ఆ ప్రాంతమందు సంఘము పెరిగినది దొరగారి బండి నడిచిన దారినే కాదు, వెంకయ్య నడిచిన దారిని.

ఒంగోలు ప్రాంతమందును ఇట్లే జరిగినది. అమెరికను బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరు చేరిరి. చాల ఏండ్లు గడిచినను విశ్వాసులు కొద్దిమందే ఉండుటచేత, ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో ఒకటికి రెండుమార్లు చర్చ జరిగినది. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దొరగారు, వారి సతీమణి, కొందరు తెలుగు విశ్వాసులతో కూడ ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అనుచున్నారు.

ఆ ప్రార్థనకు జవాబు తాళ్ళకొండపాడు అను పల్లెనుండి వచ్చినది. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారము చేయువాడు. ఆయన అజ్ఞానియై యుండెననుకొనకుడి. ఒక స్త్రీ గురువుయొద్ద యోగాభ్యాసము నేర్చి, తన కులమువారికి తానును గురువై యుండెను. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు ప్రచురించిన గ్రంథములో మాదిగవారి ఈ ఆత్మీయ అన్వేషణను వివరముగా వ్రాసిరి. వ్యాపారముమీద ఏలూరు వెళ్ళినప్పుడు పేరయ్య సువార్త వినెను. 1866లో ఆయనయు, భార్య నాగమ్మయు జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమే జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరిలో పేరయ్య పిలువగా ఆయన తాళ్ళకొండపాడు వెళ్ళిరి. అక్కడ చెట్ల నీడను చుట్టుప్రక్కల పల్లెలవారు కూడివచ్చి, వంటలు వండుకొని తినుచు దినముల తరబడి వాక్యము వినిరి. చివరకు 28 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనమును సమకూర్చినది దొరగారు కాదు. అంతకుముందే ఇల్లిల్లు తిరిగి తాను వినిన సంగతి చెప్పిన పేరయ్య. మా నాయనమ్మ మాటకు అర్థమిదియే.

ఒంగోలు బడిలో ఒక నిర్ణయము

దీని వెంటనే ఒక చిక్కు వచ్చినది. ఒంగోలులో క్లౌ దొరగారి బడికి అగ్రకులముల పిల్లలు వచ్చుచుండిరి. పట్టణపు పెద్దలు ఆయనను మర్యాదతో చూచుచుండిరి. మాదిగవారు సంఘములో చేరుచున్నారని తెలిసిన తరువాత వారు వచ్చి, వీరిని చేర్చుకొనినయెడల మా పిల్లలు ఇక్కడ ఉండరు అని స్పష్టముగా చెప్పిరి. ఇప్పుడు ఎవరిని ఎన్నుకొనవలెను? పలుకుబడి, ధనము, చదువు ఒక ప్రక్క. బట్టలైనను సరిగాలేని జనము మరియొక ప్రక్క.

ఆ దినమున దొరగారును, ఆయన భార్య హారియెట్ అమ్మగారును వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే భాగము కనబడినదట. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో 26 నుండి 29 వరకు గల వచనములు. లోకము లెక్కచేయని వారినే దేవుడు తన పనికి పిలుచునని చెప్పు భాగమది. తరువాత ఇద్దరును కలిసికొని ఈ సంగతి చెప్పుకొని ఆశ్చర్యపడిరి. దొరగారు మాదిగవారిని త్రోసివేయలేదు. అగ్రకులముల పిల్లలు బడి విడిచిపోయిరి.

మచిలీపట్నములో పెద్ద కులములవారికొరకు చిన్న కులములవారిని బయట ఉంచిరి. ఒంగోలులో చిన్న కులములవారికొరకు పెద్ద కులములవారిని పోగొట్టుకొనిరి. ఇద్దరు దొరలును భక్తిపరులే. భేదమెక్కడ వచ్చినదనగా, ఒంగోలులో ఆ నిర్ణయము చేయు సమయమునకు తాళ్ళకొండపాడువారు అప్పటికే వచ్చి తలుపుదగ్గర నిలువబడియుండిరి.

మూడు కట్టడలు

సంఘములో చేరువారికి క్లౌ దొరగారు మూడు కట్టడలు విధించిరి: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేడు మనకు ఇవి చిన్న సంగతులుగా తోచును. ఆనాటి గ్రామములో ఒక్కొక్కటియు ఒక తిరుగుబాటు. ఆదివారము పనికి రాననుట అనగా నా దినములలో ఒకటి నీది కాదని యజమానితో చెప్పుట. చచ్చిన గొడ్డును తిననుట అనగా నీ ఎంగిలి బ్రతుకు నాకు వద్దనుట. జాతరలో డప్పు కొట్టననుట అనగా ఊరు తనకు కట్టబెట్టిన స్థానమును కాదనుట.

గ్రామాధికారులు దీనిని సులభముగానే గ్రహించిరి. కూలి మాన్పించిరి. నీళ్ళు రాకుండ అడ్డుకొనిరి. లేని నేరములు మోపి పట్టించిరి. అట్టి సమయమున తమకొరకు న్యాయాధికారి ఎదుట మాటలాడువాడు ఒకడున్నాడను ధైర్యము గూడెమునకు మొదటిసారి కలిగినది. మతము మారుట ఆత్మకు సంబంధించినది మాత్రమే అనువారు ఈ చరిత్రను చదువవలెను. ఆనాటి మనవారికి ఆత్మయు, నీళ్ళబావియు, కళ్ళములోని గింజలును వేరువేరు సంగతులు కావు.

కరవు – గుండ్లకమ్మ

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమందు గొప్ప కరవు కలిగినది. లక్షలాది జనము ఆకలితోను, కలరాతోను నశించిరి. సర్కారువారు కరవు పనిగా బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారికి పూర్వము భూమి సర్వే పనిలో అనుభవము కలదు గనుక, మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే కంట్రాక్టు తీసికొని, తన బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలాది మందికి కూలి ఇప్పించిరి. ఇతర చోట్ల కాపలావారి దెబ్బలు తినిన కూలివారు, ఇక్కడ తమ కులమువాడే తమతో కూర్చుండి మాటలాడుట చూచిరి.

ఆ కాలములో అనేకులు బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. పదిహేను నెలలు ఎవరికిని బాప్తిస్మము లేదు. కూటికొరకు చేరుచున్నారను మాట రాకూడదని ఆయన జాగ్రత్తపడిరి. కాలువ పని ముగిసి, కూలి నిలిచిపోయిన తరువాతనే, 1878 జూన్‌లో తలుపు తెరిచిరి. జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినది దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఇచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు, ఆరు మాసములలో, 9,606 మంది చేరిరి.

మన పితరులు అన్నముకొరకు మతము పుచ్చుకొనిరని నేటికిని కొందరు ఎగతాళి చేయుదురు. దానికి ఈ పదిహేను నెలలే జవాబు. అయితే ఆకలికి ఇందులో పాలు లేదని నేను చెప్పను. ఆకలిగొన్నవాడు తనను మనుష్యునిగా చూచినవాని చేయి పట్టుకొనుట పాపము కాదు. ఆకలియు, ఆశయు, ఆత్మగౌరవమును కలిసి వారిని నదిలోనికి దింపినవి.

గూడెములో కలిగిన మార్పు

ఆ తరువాతి చరిత్ర మీలో అనేకులకు తెలిసినదే. పగలు బడియు, రాత్రి ప్రార్థనయు జరిగిన తాటాకు పాకలు గూడెములలో వెలసినవి. తాత వేలిముద్ర వేసిన చోట మనుమడు సంతకము చేసెను. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లరు అమ్మగారు 1883లో వచ్చి స్త్రీలకు వైద్యము మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచిరి. నిజాము రాజ్యములో పోస్నెట్ దొరగారి కాలమున వెలసిన మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలము కావ్యమును వెలువరించి, అంటరానివాని దుఃఖమును తెలుగువారందరిచేత చదివించిరి.

దోర్నకల్లును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆయన తిరునల్వేలి జిల్లావారు. అగ్రకులములవారు ఒకప్పుడు గుడిలోనికి రానీయని నాడారు సమాజములో పుట్టినవారు. తెలుగు నేర్చుకొని, ఎండ్లబండిమీద పల్లెలు తిరిగి, సంఘములో కులభేదము ఉండరాదని గట్టిగా బోధించిరి. ఆ కాలములో ఒక వింత జరిగినది. మాల మాదిగ క్రైస్తవుల జీవితములలో కలిగిన మార్పును చూచి ఇతర కులములవారును సంఘములో చేరసాగిరి. 1933లో ప్రచురింపబడిన పికెట్ గారి సామూహిక ఉద్యమముల గ్రంథములో ఈ సంగతి కలదు. నోబుల్ గారు పైనుండి క్రిందికి దిగునని తలంచిన నీరు క్రిందినుండి పైకి ప్రాకినది.

సంఘము బయటను ఇట్టి మేలుకొలుపు కలిగినది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను జరిగిన మహాసభలో, పంచములని మమ్మును పిలువరాదు, మేము ఆది ఆంధ్రులము అని తీర్మానించుకొనిరి. గూడెము తన పేరును తానే పెట్టుకొనిన దినమది.

సంఘములో దూరిన కులము

ఇంతవరకు చెప్పినది సంతోషకరమైన చరిత్ర. ఇంతటితో ముగించినయెడల నేను సత్యము చెప్పినవాడను కాను.

కులము సంఘములో దూరుట తెలుగు దేశములోనే మొదలు కాలేదు. తమిళ సంఘములలో వేరు వేరు స్థలములలో కూర్చుండుట, సంస్కారము వేరుగా తీసికొనుట చాలకాలమునుండి ఉండెను. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ గారు, ఈ భేదములను వెంటనే విడిచిపెట్టవలెనని ఆజ్ఞాపించిరి. చాలమంది విడువక సంఘమునే విడిచిరి. మన దేశమందు అగ్రకులముల క్రైస్తవులు కొద్దిమందే గనుక ఆ బాధ అంతగా కనబడలేదు. మనకు వచ్చిన బాధ వేరు.

కృష్ణా, కడప, కర్నూలు ప్రాంతములలోని ఆంగ్లికను, లండను మిషను సంఘములలో మాలవారు ఎక్కువ. ఒంగోలు బాప్తిస్టు సంఘములలో మాదిగవారు ఎక్కువ. కొన్ని గ్రామములలో ఒక పేటవారు ఒక మిషనులో చేరినయెడల రెండవ పేటవారు మరియొక మిషనును పిలుచుకొనిరి. సువార్త ఒక్కటే గాని, మందిరములు రెండాయెను. ఏ మెట్లవరుస మన పితరులను అందరికంటె క్రింద ఉంచినదో, ఆ వరుసలోని చివరి రెండు మెట్లను మనము భద్రముగా సంఘములోనికి మోసికొని వచ్చితిమి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మిషనుల గోడలు కొన్ని కూలినవి. పేటల మధ్య గోడలు కూలినవా? సంఘ ఎన్నికలలో ఓట్లు ఎట్లు లెక్కించుచున్నామో, పిల్లల పెండ్లి సంబంధములు ఎట్లు విచారించుచున్నామో మనకే తెలియును.

దేశపు చట్టమును మనలను కులమునుండి పూర్తిగా విడువలేదు. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. అయితే 1950 ఆగస్టు 10వ తేదీ రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తింపజేయబడినది. క్రైస్తవులకు ఇయ్యబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారు వెనుకబడిన తరగతులలో సి గ్రూపున, ఒక్క శాతము రిజర్వేషనుతో ఉంచబడిరి. మతము మారినవానికి కులము పోయినదని చట్టము చెప్పును. ఊరు మాత్రము అట్లు చెప్పదు.

1985 జూలైలో కారంచేడులో ఏమి జరిగినది? మాదిగవారు త్రాగునీరు తెచ్చుకొను చెరువుదగ్గర అగ్రకుల యువకులు గేదెల కుడితి బొక్కెనలు కడుగుచుండగా వారు అడ్డు చెప్పిరి. మరుసటి దినము, 17వ తేదీన, గూడెముమీద పడి ఆరుగురిని చంపిరి. మృతులలో బైబిలు పేరు గలవారుండిరి. ఆ పేరు వారిని కాపాడలేదు. గుండ్లకమ్మ పారు ప్రకాశం జిల్లాలోనే, 1878 తరువాత నూట ఏడేండ్లకు, మరల నీళ్ళదగ్గరనే కులము తన ముఖమును చూపినది.

ఇటీవల 2024 ఆగస్టు 1న, షెడ్యూల్డు కులములను రాష్ట్రములు వర్గీకరించవచ్చునని సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. అది ప్రభుత్వము, న్యాయస్థానము విచారించు సంగతి. అందులో ఎవరి వాదన ఎంత న్యాయమో ఇక్కడ చెప్పబోను. అయితే ఆ చర్చ జరిగిన దినములలో మన మందిరములలో కొందరు సమాధానముగా ఉండుడి అని ఒకరికొకరు చెప్పుకొనక, వేరు బల్లలమీద కూర్చుండిరని విని బాధపడితిని.

నా అపరాధము

ఇతరుల తప్పులు వ్రాసి నా తప్పు దాచుకొనుట న్యాయము కాదు.

నేను గురువునైన తొలి దినములలో, ఒక చిన్న పాస్టరేటులో, ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించినది. అక్కడ ఒక పేటవారు ఎక్కువ, ఆమెది రెండవ పేట. సమాధుల తోటలో గోతికి స్థలము చూపుమని పెద్దలతో చెప్పితిని. ఒక పెద్ద నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఆ మూల కానుగ చెట్టు కింద పెడదామండి. మధ్యలో అయితే మనవాళ్ళలో గొడవలొస్తాయండి" అనెను. నాకు అర్థమైనది. సంఘము చీలునని భయపడి సరేనంటిని. ఆరాధన క్రమము చదివి, మట్టి వేసి వచ్చితిని.

సాయంకాలము ఆమె కుమారుడు ఇంటికి వచ్చెను. కోపపడలేదు. కుర్చీ వేసినను కూర్చుండలేదు. "మా అమ్మ ఈ సంఘంలో నలభై ఏళ్ళు కానుకేసిందండి. కానుక సంచిలో ఆవిడ డబ్బులికి మూల లేదు గదండీ" అని చెప్పి వెళ్ళిపోయెను. తరువాత ఆ కుటుంబము మందిరమునకు రాలేదు. నేను రెండుసార్లు వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగితిని. ఆయన మర్యాదగా మంచినీళ్ళిచ్చెను. మందిరమునకు మాత్రము రాలేదు. కళాశాలలో ఒంగోలు బడి సంగతి పరీక్షలో బాగుగా వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను నేనే. నా తలుపుదగ్గర అదే ప్రశ్న నిలిచినప్పుడు నేను తప్పు జవాబు ఇచ్చితిని.

ఆ తరువాత నేను సేవచేసిన ప్రతి పాస్టరేటులో ఒక నియమము పెట్టుటకు ప్రయత్నించితిని. సమాధుల తోటలో ఎవరు ముందు నిద్రించినయెడల వారికి ముందు స్థలము, వరుస తప్పరాదు. ఒకచోట ఈ నియమము అంగీకరించుటకు రెండు సంవత్సరములు పట్టినది. రెండు కుటుంబములు అలిగి వెళ్ళి, ఒకటి తిరిగి వచ్చినది. నేడు అక్కడ వరుస నిలిచియున్నది.

మనవి

కావున ఈ శతాబ్ది సందర్భమున నా మనవి ఇది. ప్రతి పాస్టరేటువారు తమ పాత బాప్తిస్మపు రిజిష్టరు తీసి, తమ గ్రామములో మొదట ఎవరు వచ్చిరో, ఏ పేటనుండి వచ్చిరో, ఎవరిని తోడు తెచ్చిరో వ్రాసి భద్రపరచవలెను. దొరగారి పేరు పునాదిరాతిమీద ఉన్నది. వెంకయ్యవంటివారి, పేరయ్య నాగమ్మలవంటివారి పేర్లు రిజిష్టరులోనే మిగిలియున్నవి, కొన్నిచోట్ల చెదలు తినుచున్నవి. రెండవది, సమాధుల తోటలో వరుస పాటించుడి. మూడవది, మీ బిడ్డ రెండవ పేటలోని విశ్వాసిని వివాహమాడగోరినప్పుడు, అభ్యంతరము చెప్పకముందు గుండ్లకమ్మ ఒడ్డును జ్ఞాపకము చేసికొనుడి.

మనలను ఊరు బయట ఉంచినప్పుడు దేవుడు మన గూడెమునుండియే తలుపు తెరిచెను. ఆ తలుపును లోపలనుండి మరియొకరిమీద మూయుటకు మనకు అధికారము లేదు. దానిని తెరిచియుంచు కృపను ప్రభువు మనకందరికిని, మొదట ఈ వ్యాసము వ్రాసిన నాకును, దయచేయును గాక. ఆమేన్.